ఉన్నచోట లేదు

ఈసారి గోడపత్రికకి ఏదైనా అభిప్రాయం రాసివ్వమని మేడమ్ అడిగినప్పుడు ముందు మన క్యాంటీన్ గురించి రాద్దామనుకున్నాను. కానీ కొన్ని నెలలుగా నా మనసులో వేరే విషయం తిరుగుతోంది. అది కంప్యూటర్ గురించి. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడమీద కంప్యూటర్ గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుతారని తెలుసు. కాస్త ఓపిగ్గా చదవండి. ఇది మా అమ్మ గురించి కూడా. ఇంట్లో పెద్దవాళ్ళతో మనం మాట్లాడే తీరు గురించి కూడా.

మా అమ్మ పెరంబూరులో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తుంది. పదహారేళ్ళుగా అదే పని. పెళ్ళిపత్రికలు, గృహప్రవేశం కార్డులు, గుడి ఉత్సవాల నోటీసులు. చెన్నైలో మనలాంటి ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అబ్బాయి వైపు తెలుగు, అమ్మాయి వైపు తమిళం. కార్డు ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క తమిళంలో అచ్చు వెయ్యాలి. రెండు భాషల్లోనూ తప్పు లేకుండా కొట్టగలిగేది ఆ ప్రెస్సులో మా అమ్మ ఒక్కతే. మా ఇల్లూ అలాంటిదే మరి. అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం, అన్నం ముందు కూర్చుంటే రెండూ.

అమ్మ పని చేస్తుంటే చూడాలి. కళ్ళు కస్టమర్ రాసిచ్చిన కాగితం మీదే ఉంటాయి. తెర వైపు ఎప్పుడో గాని చూడదు. మౌస్ ఏ మూలకి వెళ్ళాలో, ఎన్నో వరుసలో ఏముందో చేతికే తెలుసు. మా అమ్మమ్మ చీకట్లో కూడా పోపుడబ్బాలో ఆవాల గిన్నె ఏదో, జీలకర్ర గిన్నె ఏదో వేలితో చెప్పేది. అచ్చం అలాగే.

ప్రెస్సు ఓనరు పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. మంచిదే, వేగంగా ఉంది. కానీ తెరమీద అమ్మకి అలవాటైన సామానంతా చోటు మారింది. మొదటిరోజు రాత్రి ఇంటికొచ్చి, నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "పాపా, నీదీ ఇలాంటిదే కదా, కొంచెం చూపించవే" అంది. నాకు మర్నాడు ఇంటర్నల్ టెస్టు. రెండు నిమిషాలు చూపించాను. అమ్మ మౌస్‌ని మళ్ళీ పాతచోటికే తీసుకెళ్ళింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. నాకు విసుగొచ్చి మౌస్ లాక్కుని టకటకా నేనే చేసేసి, "ఇంత చిన్నది కూడా తెలీదా అమ్మా నీకు?" అన్నాను.

అమ్మ కోప్పడలేదు. "నాకు తెలీక కాదే. ఉన్నచోట లేదు" అని లేచి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. ఆ తరవాత నన్ను అడగడం మానేసింది.

రెండు వారాల తరవాత సంగతి తెలిసింది. ఐదారు కార్డులు ఒకేసారి తెరిచి పని చెయ్యడం అమ్మకి అలవాటు. తెర కింద పట్టీలో ఒక్కో ఫైలు పేరు విడివిడిగా కనిపించేది. కొత్తదాంట్లో అవన్నీ ఒక్క బొమ్మ కిందకి చేరిపోయాయి. హడావుడిలో ఒకరి పత్రికలో ఇంకొకరి ముహూర్తం దిద్దేసింది. ప్రూఫ్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది. కానీ ఓనరు, "కొత్త సిస్టమ్‌కి అలవాటున్న చిన్నపిల్ల ఎవరైనా ఉంటే చెప్పమ్మా" అన్నారట. పదహారేళ్ళు పనిచేసిన మనిషితో. నేను ఆ రాత్రి ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే ఈ మాట వచ్చేది కాదు. అందుకే ఈ తప్పులో నా వాటా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ తరవాత ఈ మార్పుల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అర్థమైంది ఏమిటంటే, దారి తప్పింది మా అమ్మ ఒక్కతే కాదు.

ఎడమ పక్క కింది మూలలో స్టార్ట్ బటన్ అనేది 1995 ఆగస్టులో విండోస్ 95తో వచ్చింది. ఆ తరవాత పదిహేడేళ్ళు రంగు మారింది, ఆకారం మారింది గాని చోటు మారలేదు. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చింది. అప్పటికి టాబ్లెట్ల జోరు. వేలితో తాకే తెరకి తగ్గట్టు మొత్తం మార్చేశారు. స్టార్ట్ బటన్ తీసేశారు. దాని బదులు తెర నిండా రంగురంగుల పలకలు. కంప్యూటర్ ఆపాలంటే మౌస్‌ని కుడిపక్క మూలకి తీసుకెళ్ళాలి, అక్కడ ఒక పట్టీ జారి వస్తుంది, అందులో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. ఇంటినిండా లైట్లున్నా స్విచ్ ఎక్కడుందో తెలియని కొత్త అద్దె ఇల్లులాంటి పరిస్థితి. మౌస్, కీబోర్డుతో పనిచేసేవాళ్ళు ప్రపంచమంతా గోల పెట్టారు. ఏడాది తిరిగేసరికి, 2013 అక్టోబర్‌లో విండోస్ 8.1తో బటన్ వెనక్కి వచ్చింది. అయితే నొక్కితే మళ్ళీ ఆ పలకలే. 2015 జులైలో విండోస్ 10తో మెనూ కూడా వెనక్కి వచ్చింది. అంటే గోల పెట్టినవాళ్ళు మూర్ఖులు కారు. వాళ్ళు చెప్పినదాంట్లో విషయముందని తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు.

2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చింది. ఈసారి బటన్ ఉంది గాని మూలలో లేదు, మధ్యకి జరిగింది. కుడి క్లిక్ చేస్తే వచ్చే పొడవాటి జాబితా పొట్టిదైంది. మిగతావి 'మరిన్ని ఆప్షన్లు చూపు' అనే ఇంకో తలుపు వెనక్కి వెళ్ళాయి. కట్, కాపీ, పేస్ట్ అనే మాటలు పోయి చిన్న బొమ్మలు వచ్చాయి. కింద పట్టీలో ఫైళ్ళ పేర్లు విడివిడిగా చూపించే వీలు మొదట్లో తీసేశారు. 2023లో మళ్ళీ ఇచ్చారు. ఆ చిన్న బొమ్మల కింద మాటలు కూడా 2024 వెర్షన్‌లో తిరిగొచ్చాయి. మాటలకి విలువుందని తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళకి వేరే చెప్పాలా!

చాలామంది పాత విండోస్ 10 మీదే ఉండిపోయారు. కానీ 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ముగిసింది. ఇక నచ్చినా నచ్చకపోయినా మారక తప్పని ఇళ్ళు, కొట్లు, ఆఫీసులు ఎన్నో. ఇది విండోస్ గొడవ మాత్రమే అని కూడా అనుకోకండి. 2025 ఆగస్టులో మనలో ఎంతమందికి పొద్దున లేచేసరికి ఫోన్‌లో కాల్ తెర కొత్తగా కనిపించి, కాల్ ఎత్తడానికి ఒక్కక్షణం తడబడ్డామో గుర్తు చేసుకోండి. మనం ఒక్కక్షణం తడబడ్డాం. మన అమ్మమ్మలు, నాయనమ్మలు మిస్డ్ కాల్స్ చూసుకున్నారు.

ఇక్కడ మీరు అడగవచ్చు. మార్పు లేకుండా ఎలా? ఇదే స్టార్ట్ బటన్ కూడా 1995లో కొత్తే కదా? నిజమే. నాకూ మధ్యలో ఉన్న బటనే ఇష్టం. నేను మార్పు వద్దనడం లేదు. మార్చే పద్ధతి గురించి అడుగుతున్నాను. దీనికి నాకు మా ఇంట్లోనే ఒక ఉదాహరణ దొరికింది.

మా పాట్టి, అంటే నాన్నకి అమ్మ, సరుకుల చీటీ తమిళంలో రాస్తుంది. అందులో 'లై' అనే అక్షరం నేను స్కూల్లో నేర్చుకున్నట్టు ఉండదు. ఏనుగు తొండంలా పైకి లేచి వంగి ఉంటుంది. చిన్నప్పుడు పాట్టికి అక్షరాలు సరిగా రావనుకునేదాన్ని. తరవాత తెలిసింది, పాట్టి రాసేది తప్పు కాదు, పాత లిపి. పెరియార్ 1930లలోనే తన పత్రికలో కొన్ని తమిళ అక్షరాలని సులువు చేసి అచ్చు వెయ్యడం మొదలుపెట్టారు. 1978లో ఎమ్జీఆర్ ప్రభుత్వం ఆ పద్ధతిలో పదమూడు అక్షరాల రూపాన్ని అధికారికంగా మార్చింది. అచ్చుకీ టైపు మిషనుకీ వేరే దిమ్మలు అక్కర్లేకుండా, ఉన్న గుర్తులతోనే ఆ అక్షరాలు వచ్చేశాయి. నేర్చుకునే పిల్లలకీ సులువు. ఇప్పుడు తమిళనాడులో అందరం రాసేది అదే.

ఆలోచిస్తే అది కూడా ఒక పెద్ద డిజైన్ మార్పే. అదెందుకు నిలబడింది? ఒకటి, ఎందుకు మారుస్తున్నారో వాడేవాళ్ళకి అర్థమైంది, లాభం కంటికి కనిపించింది. రెండు, ఎవరూ పాట్టి చేతిలోంచి పెన్ను లాక్కోలేదు. పాఠాలు కొత్త లిపిలో వచ్చాయి, పాట్టి పాత లిపిలో చీటీలు రాసుకుంటూనే ఉంది, కొట్టు అన్న ఆ చీటీ చదివి సరుకులు కట్టిస్తూనే ఉన్నాడు. కొత్త దారి వేశారు, పాత దారికి గేటు పెట్టలేదు.

కంప్యూటర్‌లో జరిగేది దీనికి వ్యతిరేకం. ఒక అప్‌డేట్‌తో పాత దారి మూసుకుపోతుంది. చెయ్యి ఏళ్ళ తరబడి నేర్చుకున్నది ఒక్క పూటలో పనికిరాకుండా పోతుంది. ఆ నేర్పుకి సర్టిఫికెట్ ఉండదు కాబట్టి అది పోయిందని కూడా ఎవరూ లెక్క పెట్టరు. మా అమ్మ పదహారేళ్ళ అనుభవం బయోడేటాలో ఒక వరుస. ఆమె పనిలో వేగమంతా చేతిలోనే ఉంది. చోట్లు మారితే ఆ వేగం పోతుంది. వేగం పోతే, "ఈవిడకి కంప్యూటర్ రాదు" అనే మాట వస్తుంది. నాకు అసలు కోపం ఆ మాటమీదే. దారి మార్చినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. దారి తప్పినవాళ్ళని తెలివితక్కువవాళ్ళంటారు.

ఇంకో దారి కూడా ఉందని చదివి తెలుసుకున్నాను. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఉంది. 2011లో మూడో వెర్షన్‌తో దాని రూపం పూర్తిగా మారిపోయింది. అక్కడా చాలామందికి నచ్చలేదు. కానీ దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి, నచ్చనివాళ్ళు పాత గ్నోమ్ 2ని తీసుకుని 'మాటే' అనే పేరుతో నడిపించుకున్నారు. ఇది మన తెలుగు మాట కాదు, దక్షిణ అమెరికాలో టీలాగా తాగే ఒక పానీయం పేరు. కొత్తది కావలసినవాళ్ళు కొత్తది, పాతది కావలసినవాళ్ళు పాతది వాడుకుంటున్నారు. మన పెద్దవాళ్ళందరూ లినక్స్‌కి మారాలని నేను అనను. మా అమ్మ ప్రెస్సు సాఫ్ట్‌వేర్లతో అది కుదిరే పని కూడా కాదు. కానీ పాతదాన్ని ఉంచడం అసాధ్యం కాదని ఇది చూపిస్తుంది. మనసుంటే మార్గముంటుంది.

సరే, కంపెనీలు మన గోడపత్రిక చదవవు. మనం ఏం చెయ్యగలం? ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అమ్మ దగ్గరకెళ్ళి, "ఆరోజు అలా అన్నందుకు తప్పేనమ్మా, ఇవాళ కూర్చుందామా" అన్నాను. అమ్మ కాసేపు బెట్టు చేసింది. తరవాత కళ్ళజోడు తెచ్చుకుంది. ఆ రోజు మాకు పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను, విండోస్ 11 ఉన్న ఇళ్ళకి పనికొస్తాయి.

మొదటిది, బటన్‌ని పాతచోటికి తెచ్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో అలైన్‌మెంట్‌ని ఎడమకి మార్చాలి. అక్కడే ఫైళ్ళని ఒక్క బొమ్మ కింద కలపకుండా ఉంచే ఆప్షన్ కూడా ఉంది. అది మార్చగానే ఫైళ్ళ పేర్లు విడివిడిగా వచ్చాయి. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. ముహూర్తాల గొడవ అక్కడితో తీరింది.

రెండోది, పాత కుడి క్లిక్ జాబితా పోలేదు, దాక్కుంది. షిఫ్ట్ నొక్కిపట్టి కుడి క్లిక్ చేస్తే పాత పొడవాటి జాబితానే వస్తుంది.

మూడోది, మౌస్ దారులు మారతాయి గాని కీబోర్డు దారులు అంత సులువుగా మారవు. కంట్రోల్ సి, కంట్రోల్ వి ఎన్ని వెర్షన్లు మారినా అలాగే ఉన్నాయి. విండోస్ కీతో ఈ నొక్కితే ఫైళ్ళు, డి నొక్కితే డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ మీద ఉండి ఆల్ట్, ఎఫ్ 4 నొక్కితే కంప్యూటర్ ఆపే పెట్టె. విండోస్ కీతో స్పేస్ నొక్కితే తెలుగునుంచి తమిళానికి, తమిళంనుంచి ఇంగ్లీషుకి కీబోర్డు మారుతుంది. ఇది మన గోడపత్రికకి టైపు చేసేవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి.

నాలుగోది, పాత రూపం తెప్పిస్తామని చెప్పే ప్రోగ్రాములు చాలా దొరుకుతాయి. అన్నీ చెడ్డవి కావు. కానీ ఊరూపేరూ లేని చోటునుంచి దించుకుని, ప్రెస్సు కంప్యూటర్‌లోకో డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లోకో ఎక్కించకండి. ముందు సెట్టింగ్స్‌లో ఉన్నది వాడుకుందాం.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. నేర్పేటప్పుడు మౌస్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. మన చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. మనం చేసి చూపిస్తే మన చేతికే వస్తుంది, వాళ్ళ చేతికి రాదు. నాకు ఇది ఎంత కష్టమైందో చెప్పలేను. అమ్మ మౌస్ నెమ్మదిగా పాతచోటికి వెళ్తుంటే నా వేళ్ళు లాగేసుకోవాలని పీకేవి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ నవ్వింది కూడా. నోట్‌బుక్ కాగితంమీద "పాతచోటు" అని ఒక వరుస, "కొత్తచోటు" అని ఇంకో వరుస తనే రాసుకుంది. కొన్ని తెలుగులో, కొన్ని తమిళంలో.

ఆ కాగితం ఇప్పుడు ప్రెస్సులో తెర పక్కన అంటించి ఉంది. ఓనరు కొత్త పిల్ల మాట మళ్ళీ ఎత్తలేదు. అమ్మ వేగం పూర్తిగా వెనక్కి రాలేదు. "ఇంకో రెండు నెలలు పడుతుందిలే" అంటుంది. వస్తుందని నాకు నమ్మకముంది. ఒకసారి నేర్చుకున్న చెయ్యి మళ్ళీ నేర్చుకుంటుంది. మళ్ళీ ఎన్నిసార్లు నేర్చుకోవాలనేదే నా బెంగ.

మన క్లాసులో చాలామంది రేపు టీచర్లవుతారు, బ్యాంకుల్లో చేరతారు, కొందరు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తయారుచేసే కంపెనీల్లోనే కంటెంట్ పనుల్లో చేరతారు. అక్కడ ఎవరైనా "దీన్ని కొత్తగా మారుద్దాం" అన్నప్పుడు ఒక్కమాట అడగండి. పాతది అలవాటైనవాళ్ళకి దారి ఉంచుతున్నామా? మాటలు తీసేసి బొమ్మలు పెడుతున్నామా? ముందుగా చెబుతున్నామా? అడిగేవాళ్ళుంటే వెనక్కి వస్తాయని స్టార్ట్ బటనే సాక్ష్యం.

అంతవరకు ఇంట్లో ఎవరైనా ఫోనో కంప్యూటరో పట్టుకుని "ఇది ఎక్కడుందే?" అని అడిగితే "ఇంత కూడా తెలీదా?" అనకండి. నేను అన్నాను. అమ్మ ఇప్పుడు మళ్ళీ అడుగుతోంది గాని, అడిగేముందు ఒకసారి నా ముఖం చూస్తోంది. ఆ చూపు పోవడానికి ఏ సెట్టింగూ లేదు.